చేతి నుంచి పలకకు: నెల్లూరు తీరంలో తొలి కూడికలు

ప్రాథమిక గణితంలో కూడికంత సులువైన అంశం మరొకటి లేదని పెద్దలు సాధారణంగా అనుకుంటారు. మూడు, రెండు కలిపితే అయిదవుతుందన్న మాటలో నేర్చుకోవలసింది ఏముందో వారికి తోచదు. అయిదారేళ్ల పిల్లల వైపు నుంచి చూస్తే మాత్రం ఆ చిన్న వాక్యంలో ఎన్నో పనులు ఇమిడి ఉంటాయి. లెక్కిస్తూ చివరగా పలికిన ‘మూడు’ అనే మాట ఆ మూడో వస్తువు పేరు కాదని, మొత్తం గుంపు పరిమాణమని తెలియాలి. రెండు గుంపులను ఒకచోట చేర్చినప్పుడు ఏ వస్తువూ పోదని, కొత్తగా ఏదీ రాదని తెలియాలి. జరిగిన ఈ పనినంతా రెండు అంకెల మధ్య ఒక చిన్న గుర్తు పెట్టి పలక మీద చెప్పవచ్చని కూడా తెలియాలి. ఎరుపు, నునుపు, గుండ్రదనం వస్తువులో కంటికి కనిపించే గుణాలు కాగా, మూడు అనేది ఏ ఒక్క వస్తువులోనూ కనిపించదనీ, వస్తువుల మధ్య ఆ సంబంధాన్ని పిల్లల మనసే ఏర్పరచుకోవాలనీ స్విస్ శాస్త్రవేత్త పియాజె వివరించారు. ఆ సంబంధం ఏర్పడటానికి చేతులు కదలాలి; పోగుచేయడం, విడదీయడం, జత చేయడం, మళ్లీ కలపడం పదేపదే జరగాలి.

అందుకు కావలసిన వస్తువులకు నెల్లూరు తీరంలో కొరత లేదు. మైపాడు, కొత్తకోడూరు వంటి సముద్రతీర గ్రామాల్లో బడి గేటు దాటితే ఇసుక, సరుగుడు తోటల కింద రాలిన గట్టి కాయలు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన గుల్లలు, చింతగింజలు, కొబ్బరి ఈనెలు కాసేపట్లోనే పోగవుతాయి. వీటిలో సరుగుడు కాయ చిన్నపిల్లల లెక్కకు బాగా అనువైనది: చేతికి అందేటంత పరిమాణం, దొర్లిపోకుండా నిలిచే గరుకుదనం, ఒకదానికొకటి దాదాపు ఒకేలా ఉండే రూపం దానికి ఉన్నాయి. గింజలను ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. చూడముచ్చటగా ఉండే గురివింద గింజలు, ఆముదం గింజలు విషపూరితమైనవి కాబట్టి వాటిని పిల్లల చేతికి ఇవ్వనే కూడదు; మూడేళ్ల లోపు పిల్లలున్న చోట నోట్లో పెట్టుకోగలిగిన చిన్న వస్తువు ఏదైనా ప్రమాదమే.

కూడికకు ముందు లెక్కించడం స్థిరపడాలి. ఒకటి నుంచి ఇరవై వరకు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లలకు లెక్కించడం వచ్చినట్లేనని తల్లిదండ్రులు సంతోషించడం సహజమే గాని, అప్పజెప్పడం వేరు, లెక్కించడం వేరు. రోషెల్ గెల్మన్, సి. ఆర్. గాలిస్టెల్ అనే పరిశోధకులు 1978లో ప్రచురించిన గ్రంథంలో లెక్కింపుకు మూలమైన సూత్రాలను వివరించారు: ఒక్కో వస్తువుకు ఒక్కటే సంఖ్యా నామం చెప్పాలి, నామాల వరుస మారకూడదు, చివరి నామమే గుంపు పరిమాణం, లెక్క ఏ వైపు నుంచి మొదలుపెట్టినా ఫలితం ఒక్కటే, ఏ రకం వస్తువులనైనా ఇలా లెక్కించవచ్చు. వీటిలో పిల్లలు ఎక్కువ కాలం తడబడేది మూడోదాని దగ్గర. అయిదు కాయలు లెక్కించిన పిల్లను వెంటనే “ఎన్ని ఉన్నాయమ్మా?” అని అడిగితే ఆమె “అయిదు” అనకుండా మళ్లీ ఒకటి నుంచి లెక్కించడం మొదలుపెడితే, ‘అయిదు’ ఆమెకు ఇంకా పరిమాణంగా అందలేదన్నమాట. కుప్పలోంచి “నాలుగు కాయలు ఇవ్వు” అని అడిగి చూడటం ఇంకా నమ్మకమైన పరీక్ష. అప్పజెప్పడంలో ముందుండే పిల్లలు కూడా కొందరు ఇక్కడ గుప్పెడు తీసి చేతిలో పెడతారు. అలాంటి పిల్లలకు కూడికల పుస్తకం తెరవడం తొందరపాటు.

లెక్కింపు కుదిరిన తర్వాత కూడికలోకి ప్రవేశించే దారులు రెండున్నాయి. ఒకటి చేర్చడం: బుట్టలో మూడు చేపలున్నాయి, నాయన ఇంకో రెండు వేశాడు, ఇప్పుడెన్ని? ఇందులో కాలం నడుస్తుంది, ఒక సంఘటన జరుగుతుంది. రెండోది కలిపి చూడటం: బుట్టలో మూడు వంజరాలు, రెండు మాగలు ఉన్నాయి, మొత్తం చేపలెన్ని? ఇందులో ఏమీ జరగదు, ఉన్నవాటినే రెండు భాగాలుగానూ ఒకే మొత్తంగానూ ఒకేసారి చూడాలి. పెద్దలకు రెండూ 3+2గానే కనిపిస్తాయి కాని, రెండో రకం పిల్లలకు బరువైనది, ఎందుకంటే భాగాన్ని, మొత్తాన్ని ఏకకాలంలో మనసులో నిలపడం ఆ వయసులో అంత తేలిక కాదు. తరగతి గదిలో మొదటి రకమే ఎక్కువగా వినిపించడం వల్ల, ‘వచ్చి చేరాయి’ అన్న మాట లేకపోతే కూడిక అని గుర్తుపట్టలేని పిల్లలు తయారవుతారు. అయిదు కాయలను దోసిట్లో గలగలలాడించి రెండు చేతుల్లోకి విడదీసి, ఒక చేయి తెరిచి చూపి, మూసిన చేతిలో ఎన్ని ఉన్నాయో అడిగే చిన్న ఆట ఈ లోటును తీరుస్తుంది. నాలుగు-ఒకటి, మూడు-రెండు, అయిదు-సున్న అని పిల్లలు ఒకే సంఖ్యను పలు విధాలుగా విరిచి చూస్తారు. కూడిక, తీసివేత ఒకే విషయానికి రెండు వైపులని వారికి అక్కడే తెలుస్తుంది.

పిల్లలు కూడిక చేసే పద్ధతి కాలక్రమంలో మూడు దశల్లో మారుతుంది. మొదటి దశలో వారు అన్నీ లెక్కిస్తారు: 8, 5 కలపమంటే ఎనిమిది పేర్చి, అయిదు పేర్చి, తిరిగి ఒకటి నుంచి పదమూడు వరకు వేలు పెట్టి లెక్కిస్తారు. రెండో దశలో పెద్ద సంఖ్యను మనసులో ఉంచుకుని అక్కడినుంచి ముందుకు సాగుతారు. మూడో దశలో పదిని ఆసరా చేసుకుని సంఖ్యను విరుస్తారు. మొదటి దశలోనే ఏళ్ల తరబడి ఉండిపోవడం చేతిపని ద్వారా బోధించే చోట తరచుగా కనిపించే చిక్కు. కాయలు ఎప్పుడూ ఎదురుగా ఉంటే తిరిగి ఒకటి నుంచి లెక్కించడమే పిల్లలకు సులువు, సులువైన దారిని వారు తమంతట తాము వదులుకోరు. అందుకే ఒక దశ నుంచి మరో దశకు నెట్టే ఏర్పాటు పనిలోనే ఉండాలి. మూత ఉన్న డబ్బాలో పిల్లలు చూస్తుండగా ఎనిమిది కాయలు వేసి, మూత పెట్టి, పైన 8 అని రాసి, పక్కన అయిదు కాయలు పేర్చితే లోపలివి లెక్కించే వీలుండదు. వేలు డబ్బా మీద పెట్టి “ఎనిమిది” అని, పక్కకు జరుపుతూ “తొమ్మిది, పది” అని సాగక తప్పదు. ఆ వేలు డబ్బా మీద ఆగిన క్షణంలో ఎనిమిది అనే సంఖ్య వస్తువుల అవసరం లేకుండా ఆ పిల్ల మనసులో నిలుస్తుంది.

మూడో దశకు మధ్యాహ్న భోజనానికి వచ్చే కోడిగుడ్ల అట్టను మించిన సాధనం దొరకడం కష్టం. ముప్పై గుడ్లు పట్టే అట్టలో అయిదేసి గుంటల వరుసలు ఆరుంటాయి. రెండేసి వరుసలుగా కత్తిరిస్తే పదేసి గుంటల అట్టలు మూడు వస్తాయి. ఒక అట్టలో ఎనిమిది సరుగుడు కాయలు పెడితే ఒక వరుస నిండి, రెండో వరుసలో మూడు కూర్చుంటాయి. రెండు ఖాళీలు లెక్కించకుండానే కంటికి కనిపిస్తాయి. పక్కనున్న అయిదు కాయల్లోంచి రెండు తీసి ఆ ఖాళీలు నింపితే పది పూర్తయి, బయట మూడు మిగులుతాయి. ఇక్కడ ఉపాధ్యాయుడు జవాబు అడగడం కన్నా “ఏం చేశావో చెప్పు” అని అడగడం ముఖ్యం. “అయిదులోంచి రెండు దీనికిచ్చా, పదైంది, మూడు మిగిలాయి” అని పిల్ల తన నోటితో చెప్పినప్పుడే చేయి చేసిన పని ఆలోచనగా మారుతుంది. కొన్నాళ్ల తర్వాత కాయలు తీసేసి ఖాళీ అట్ట మాత్రమే ముందుంచాలి, తర్వాత పలక మీద పది గడుల బొమ్మ, ఆ తర్వాత అదీ లేకుండా. చేతివేళ్లు వాడితే కసురుకునే అలవాటు కొన్ని బళ్లలో ఇంకా ఉంది. అది సరైనది కాదు. వేళ్లలో అయిదు, పది సహజంగానే ఉన్నాయి. కాకపోతే బొటనవేలితో కణుపులు తాకుతూ లెక్కించే మన పెద్దల పద్ధతిలో వేలికి మూడేసి వస్తాయి కనుక అయిదు కంటికి కనిపించదు. తొలి తరగతుల్లో వేళ్లు చాపి చూపడమే మేలు.

వస్తువు నుంచి గుర్తుకు సాగే ఈ ప్రయాణాన్ని విద్యావేత్తలు పలు పేర్లతో వర్ణించారు. చేతితో చేయడం, బొమ్మలో చూడటం, గుర్తుతో రాయడం అనే మూడు మెట్లను జెరోమ్ బ్రూనర్ 1960లలో ప్రతిపాదించగా, సింగపూర్ పాఠశాలలు ఆ క్రమాన్నే తమ గణిత బోధనకు పునాది చేసుకున్నాయి. 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం అనుభవం, మాట, బొమ్మ, గుర్తు అనే నాలుగు మెట్లను సూచిస్తుంది. ఈ రెండో క్రమంలో మాటకు విడిగా చోటివ్వడం తెలివైన పని, ఎందుకంటే తరగతి గదిలో ఎక్కువగా దాటవేసే మెట్టు అదే.

సాధనాలను బడికి అందించే ప్రయత్నం ఈ ప్రాంతంలో కొత్తదేమీ కాదు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ కింద ప్రాథమిక పాఠశాలలకు గణిత పెట్టెలు వచ్చాయి. 1980లలోనే బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ‘చేస్తూ నేర్చుకోవడం’, స్థానిక పరిసరాలను వాడుకోవడం వంటి సూత్రాలను ఉపాధ్యాయులకు పరిచయం చేసింది. 1996లో రాష్ట్రంలో జిల్లా ప్రాథమిక విద్యా పథకం తొలి విడతగా చేపట్టిన అయిదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. బోధనాభ్యసన సామగ్రి తయారీకి ఉపాధ్యాయుడికి ఏడాదికి 500 రూపాయలు ఇచ్చే పద్ధతి ఆ రోజుల్లోనే వాడుకలోకి వచ్చింది, ఉపాధ్యాయుల నోట ‘టీఎల్‌ఎం’ అనే మాట స్థిరపడింది. ఆ డబ్బుతో ఎందరో శ్రద్ధగా అందమైన చార్టులు, నమూనాలు తయారుచేశారు. మేళాల్లో మెప్పు పొందిన ఆ సామగ్రిలో చాలా భాగం గోడకు వేలాడటం, బీరువాలో భద్రపడటం దగ్గరే ఆగిపోవడం విచారకరం. చిరిగిపోతుందేమోనన్న భయం ఉన్న సాధనం పిల్లల చేతికి అందదు. పిల్లల చేతికి అందనిది కూడిక నేర్పదు. ఎన్ని పోయినా మళ్లీ ఏరుకురాగలిగిన సరుగుడు కాయకు ఈ భయం లేదు.

అందం మరో రకంగానూ అడ్డు రావచ్చు. వస్తువు ఎంత ఆకర్షణీయంగా ఉంటే పిల్లలు దాన్ని వస్తువుగానే చూస్తారని, అది ఒక సంఖ్యకు ప్రతినిధి అన్న సంగతి అంతగా మరుగున పడుతుందని డేవిడ్ ఉట్టల్, జూడీ డెలోచ్ వంటి పరిశోధకులు 1990లలో వివరించారు. చారల గుల్లలు, ఊదారంగు గుల్లలు కలిపి కుప్పగా పోస్తే పిల్లలు బాగున్నవి ఏరుకోవడంలో మునిగిపోతారు; వర్గీకరణ నేర్పడానికి అది మంచి పాఠమే గాని, కూడికకు కాదు. వస్తువును తాకినంత మాత్రాన భావం వేళ్ల గుండా మనసులోకి ఎక్కదని అమెరికా గణిత విద్యావేత్త డెబొరా బాల్ 1992లో హెచ్చరించారు. పిల్లలు కాయలతో 8+5 చేసి 13 అని చెప్పి, అదే లెక్కను పలక మీద తప్పు చేసి, రెండు జవాబులూ వేర్వేరుగా ఉన్నందుకు ఏమాత్రం ఆశ్చర్యపోకపోవడం ఏ ఉపాధ్యాయుడికైనా అనుభవంలో ఉన్న విషయమే. వారి దృష్టిలో అవి రెండు వేర్వేరు పనులు. ఆ రెంటినీ ఒకే సమయంలో, ఒకే బల్ల మీద, కాయ జరిపినప్పుడల్లా పలక మీద అంకె మార్చుతూ చేయిస్తే తప్ప అవి ఒకటే అన్న సంగతి వారికి తట్టదు.

ఈ ఎడబాటు బడి లోపల మాత్రమే కాదు, బడికీ బజారుకూ మధ్య కూడా ఉంది. బ్రెజిల్ తీరనగరం రెసీఫీలో వీధుల్లో సరుకు అమ్మే 9 నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలు అయిదుగురిని తెరెజిన్యా నూనెస్, ఆమె సహ పరిశోధకులు అధ్యయనం చేసి 1985లో ప్రచురించిన ఫలితాలు ప్రసిద్ధమైనవి: బేరం మధ్యలో అడిగిన లెక్కలకు 98.2 శాతం సరైన జవాబులు చెప్పిన ఆ పిల్లలే, అవే లెక్కలను కాగితం మీద అంకెల రూపంలో ఇస్తే 36.8 శాతమే సరిగా చేశారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ప్రభృతులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలపై చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వెలువడింది. బజారు లెక్క బడి లెక్కగా మారడం లేదనీ, బడిలో అంకెల లెక్కలు చేయగల పిల్లలు బజారు లెక్కలో తడబడుతున్నారనీ అది చూపింది. నెల్లూరు తీరానికి ఈ ఫలితం దగ్గరి విషయం. ఇక్కడి పిల్లలు సంఖ్యల మధ్యనే పెరుగుతారు: ఒడ్డున చేపలకు వేలం పాట పాడుతుంటే వింటారు, పుంజీ లెక్కన నాలుగేసి పోగులు పెట్టడం చూస్తారు, రొయ్యల చెరువు పట్టుబడి రోజున ‘కౌంటు’ తీయడం చూస్తారు. కిలో రొయ్యలు తూచి, ఒక్కొక్కటి లెక్కించి, వంద తూగితే వంద కౌంటు అని, నలభై తూగితే నలభై కౌంటు అని ధర కట్టే ఆ పద్ధతిలో సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దదవుతుందన్న సూక్ష్మం ఒకటో తరగతి వయసులోనే కొందరికి చెవిన పడుతుంది. ఈ జ్ఞానానికి పాఠ్యపుస్తకంలో చోటు లేకపోవచ్చు, తరగతిలో చోటు ఉండాలి. “మీ అమ్మ నాలుగేసి మూడు పోగులు పెట్టింది, వాటిని కాయలతో చూపించు, ఇప్పుడు పలక మీద రాయి” అని అడగడానికి ఏ నిధులూ అక్కర్లేదు. పిల్లలను పనిలోకి పంపాలన్న వాదనకు మాత్రం ఇందులో ఎలాంటి ఆధారమూ లేదు. బజారులో పని వారిని బడి లెక్కకు సిద్ధం చేయలేదన్నదే ఆ అధ్యయనం చూపినది.

చేతిపనికీ లెక్కకూ పొత్తు కుదర్చాలన్న ఆలోచన చరిత్ర ఈ ప్రాంతానికి దగ్గరలోనే నడిచింది. వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో దిద్దడం చూసి ఆండ్రూ బెల్ 1790లలో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో ఆ పద్ధతిని ప్రవేశపెట్టారు. పిల్లల చేత పిల్లలకు చెప్పించే ఆయన విధానం ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండుకు చేరింది. పెన్నా ఒడ్డున పల్లిపాడులో గాంధీజీ 1921 ఏప్రిల్ 7న పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. ఆ తర్వాత 1937లో వార్ధాలో ఆయన ప్రతిపాదించిన ‘నయీ తాలీమ్’ నూలు వడకడం వంటి పని చుట్టూ లెక్కలతో సహా చదువునంతటినీ అల్లింది. 1939లో అడయారు దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద వచ్చిన మరియా మాంటిస్సోరి ఒంటి పూస, పది పూసల కడ్డీ, వంద పూసల చదరం, వెయ్యి పూసల ఘనం అనే సాధనాలతో దశాంశ పద్ధతిని చేతికి అందించే బోధనలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. నేడు నెల్లూరు జిల్లా విద్యా శిక్షణ సంస్థ కూడా పల్లిపాడులోనే ఉంది.

ఇంటి ఆటల్లోనూ కూడిక దండిగా ఉంది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేసి వెల్లకిలా పడినవి ఎన్నో ఒక్క చూపులో చెప్పడం, పందెం పడినన్ని గడులు కాయను ముందుకు నడపడం ఆగకుండా లెక్కించడానికి తొలి పాఠం. ఏడేసి గుంటలు రెండు వరుసలుగా ఉండే వామనగుంటలు ఇంకా లోతైనది: గుంటలోని గింజలు తీసి ఒక్కో గుంటలో ఒక్కటి చొప్పున వదులుతూ వెళ్లేటప్పుడు చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే ఊహించాలంటే పిల్లలు వేలు పెట్టకుండా మనసులోనే లెక్కించుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో అవ్వలు మనవళ్లతో ఆడే ఈ ఆటకు తరగతి గదిలో వారానికి ఒక గంట ఇవ్వడం సమయాన్ని వృథా చేయడం కాదు.

రెండంకెల కూడిక దగ్గర పద్ధతికి అసలైన పరీక్ష ఎదురవుతుంది. 2021 జులైలో కేంద్రం ప్రకటించిన ‘నిపుణ్ భారత్’ లక్ష్యాల్లో బాలవాటిక (ఒకటో తరగతికి ముందు ఏడాది) పిల్లలు 10 వరకు, ఒకటో తరగతి పిల్లలు 99 వరకు సంఖ్యలు చదవాలని ఉంది. మూడో తరగతికి 9999 వరకు వెళ్లే ఈ నిచ్చెనలో కష్టమైన మెట్టు 10 నుంచి 99కి ఎక్కేదే. దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో 33.7 శాతమే రెండంకెల తీసివేత చేయగలిగారని వార్షిక విద్యా స్థితి నివేదిక (అసర్) 2024 తెలిపిందంటే, ఆ మెట్టు దగ్గర జారిపోయినవారు ఎందరో ఊహించవచ్చు. 28కి 15 కలపమంటే 313 అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. ఆ జవాబును కొట్టివేసే ముందు అందులోని తర్కాన్ని చూడాలి: ఎనిమిది, అయిదు కలిపి పదమూడు అన్నారు, రెండు, ఒకటి కలిపి మూడు అన్నారు, రెండూ సరైనవే, ఒకట్ల స్థానంలో తొమ్మిదికి మించి నిలవకూడదన్న ఏర్పాటు ఒక్కటే వారికి అర్థం కాలేదు. అంకెలు వేసే చోటు గురించి ఎన్నిసార్లు చెప్పినా ఈ పొరపాటు పోదు. పదిని చేతితో కట్టి చూడాలి.

దీనికి కొబ్బరి ఈనెలు చాలు. జానెడు పొడవున తుంచిన ఈనెలను పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టే పనిని పిల్లలకే అప్పగించాలి. ఉపాధ్యాయుడు ముందే కట్టి తెచ్చిన కట్టలో పది ఉన్నాయని పిల్లలు నమ్ముతారు గాని, తాము కట్టినదాంట్లో పది ఉన్నాయని వారికి తెలుసు. 28 అంటే రెండు కట్టలు, ఎనిమిది విడి ఈనెలు. 15 అంటే ఒక కట్ట, అయిదు విడి ఈనెలు. విడివి కలిపితే పదమూడు అవుతాయి. వాటిలో పది ఏరి కొత్త కట్ట కట్టి, పాత మూడు కట్టల పక్కన పెడితే నాలుగు కట్టలు, మూడు విడివి, అంటే 43. స్థానమార్పిడి అని పాఠ్యపుస్తకం పిలిచేది రబ్బరు బ్యాండు వేసిన ఆ క్షణాన్నే. పదుల వరుస పైన రాసే చిన్న 1, ఇప్పుడే కట్టిన ఆ కట్ట. అది కట్టిన వెంటనే, చేతిలో ఉండగానే, పలక మీద ఆ ఒకటి రాయించాలి. ముప్పై అయిదు అని తెలుగులో పలికినప్పుడు పదులు ముందు, ఒకట్లు తర్వాత వస్తాయి కనుక మాట, కట్టల వరుస, అంకెల వరుస మూడూ ఒకే దిశలో నడుస్తాయి. ఇంగ్లిష్ మాధ్యమంలో పదమూడు నుంచి పంతొమ్మిది వరకు పేర్లలో ఒకట్లే ముందు వినిపించడం వల్ల థర్టీన్ విని 31 రాసే పిల్లలు ఉన్నారు. రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఎదురెదురు పేజీల్లో రెండు భాషల్లోనూ వస్తున్నందున, తొలి రెండు తరగతుల్లో కట్టలు కట్టేటప్పుడు తెలుగులో లెక్కించి, ఆ తర్వాత ఇంగ్లిష్ పేరు చెప్పించడం ఉపాధ్యాయుడికి కష్టమేమీ కాదు.

కట్టలను ఎప్పుడు పక్కన పెట్టాలన్న ప్రశ్నకు కాలపట్టికలో సమాధానం దొరకదు. 36కు 27 కలపమన్నప్పుడు ఈనెల వైపు చేయి చాపబోయి ఆగి, “ఇందులో ఒక కొత్త కట్ట వస్తుంది సార్” అని ముందే చెప్పే పిల్లలకు ఇక వాటి అవసరం లేదు. పక్కనే కూర్చున్న మరొకరికి ఇంకో నెల కావచ్చు, అంతవరకు ఈనెలు వారి ముందే ఉండాలి.